నందికొండ ఓటు: బయటికి చెప్పేది ఒకటి, లోపల నొక్కేది ఒకటి

నాగార్జున సాగర్ నియోజకవర్గంలో వరుసగా జరిగిన మూడు అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2018 డిసెంబర్‌లో టీఆర్ఎస్ అభ్యర్థి నోముల నర్సింహయ్య గారు కాంగ్రెస్ సీనియర్ నేత కుందూరు జానారెడ్డి గారి మీద 7,771 ఓట్ల తేడాతో గెలిచారు. 2020 డిసెంబర్ 1న నర్సింహయ్య గారు చనిపోయారు. 2021 ఏప్రిల్ ఉప ఎన్నికలో ఆయన కొడుకు భగత్ అదే జానారెడ్డి గారిని 18,872 ఓట్లతో ఓడించారు. 2023 నవంబర్‌లో జానారెడ్డి గారి కొడుకు జైవీర్ రెడ్డి అదే భగత్‌ను ఓడించారు. ఈసారి తేడా 55,849.

ఊర్లు అవే, మనుషులు దాదాపు అవే. రెండున్నరేళ్లలో భగత్ గారి ఓట్లు 89,804 నుంచి 63,982కు పడిపోయాయి. రెండు ఎన్నికల ఆధిక్యాలు కలిపి చూస్తే 74 వేలకు పైగా ఓట్ల తేడా అటు నుంచి ఇటు తిరిగింది. పథకాలు మారాయా? రైతుబంధు 2021లోనూ ఉంది, 2023లోనూ ఉంది. పింఛను, షాదీ ముబారక్ కూడా అంతే. మరి మారింది ఏంటి?

జనాన్ని అడిగితే రెండు మాటల్లో తేలుస్తారు. 2021కి "సానుభూతి", 2023కి "మార్పు". టీవీ చర్చల్లో కూడా ఈ రెండే తిప్పి తిప్పి చెప్పారు. నాకు ఈ జవాబులు సరిపోవు. ఇవి జరిగినదానికి పెట్టిన పేర్లు, కారణాలు కావు.

సానుభూతినే తీసుకుందాం. చనిపోయిన ఎమ్మెల్యే ఇంట్లో వాళ్లకు టికెట్ ఇస్తే జనం కరిగిపోయి ఓటేస్తారని పార్టీల నమ్మకం. సాగర్‌కు కొన్ని నెలల ముందే, 2020 నవంబర్‌లో, దుబ్బాకలో సోలిపేట రామలింగారెడ్డి గారి భార్య సుజాత గారు అధికార పార్టీ నుంచే నిలబడి వెయ్యి పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. 2024లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన లాస్య నందిత గారి సోదరి నివేదిత గారు ఓడిపోయారు. 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ గారి భార్య సునీత గారు కూడా అంతే. ఈ ఇళ్లలో దుఃఖం నోముల వారి ఇంట్లో కంటే తక్కువేం కాదు. కాబట్టి సాగర్‌లో గెలిపించింది సానుభూతి ఒక్కటే అంటే లెక్క కుదరదు. ఓటేసిన తర్వాత మనకు మనం చెప్పుకోవడానికి అది చాలా మర్యాదైన కారణం, అంతే.

మనిషి ఇలా వెనక నుంచి కారణం అల్లుకుంటాడని స్వీడన్‌లో పరిశోధకులు పరీక్ష పెట్టి చూశారు. అక్కడి 2010 ఎన్నికల సమయంలో ఓటర్లతో ఒక ప్రశ్నల ఫారం నింపించి, వాళ్లకు తెలియకుండా కొన్ని జవాబులను తలకిందులుగా మార్చి, "ఇలా ఎందుకు రాశారు?" అని అడిగారు. చాలా మంది మార్పును పసిగట్టలేదు. పైగా తాము రాయని జవాబును తామే గట్టిగా సమర్థించుకున్నారు. చదువుకున్న దేశంలోనే పరిస్థితి ఇది. మన దగ్గర టీ కొట్టు ముందు మైకు పెట్టి "ఎందుకు వేశారన్నా?" అని అడిగితే వచ్చే జవాబును ఎంత నమ్మాలో మీరే చెప్పండి. ఈ మాట అంటున్నది మైకు పెట్టి అడిగే పని చేసేవాడే.

నా అంచనా వేరే ఉంది. 2021లో భగత్ గారికి పడ్డ ఓటులో, 2023లో జైవీర్ గారికి పడ్డ ఓటులో పెద్ద భాగం ఒకే ఉద్దేశం నుంచి పుట్టింది. ఓడిపోయే వైపు ఉన్నామని లెక్క తేలకూడదు, అదే ఆ ఉద్దేశం. 2021లో రాష్ట్రంలో కేసీఆర్ గారి ప్రభుత్వానికి ఇంకా రెండున్నరేళ్ల గడువు ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన స్వయంగా వచ్చి నెల్లికల్ ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు, పోలింగ్‌కు మూడు రోజుల ముందు హాలియాలో సభ పెట్టారు. జానారెడ్డి గారు ఏడుసార్లు ఎమ్మెల్యే, మంత్రిగా చేసినవారు, పెద్దమనిషి. కానీ గెలిచినా ప్రతిపక్షంలో కూర్చునేవారే. "గెలిచినా ఏం చేస్తడు పాపం" అనే మాట అప్పుడు గల్లీ గల్లీలో వినపడింది. 2023 చివరికి అదే గల్లీలో "ఈసారి సర్కారు మారుతది" అన్న మాట మొదలైంది. అంతే, భయం అదే ఉండి దిశ మారింది.

నిరుద్యోగం, పేపర్ లీకులు, మేడిగడ్డ కుంగడం, పదేళ్ల విసుగు, ఇవన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఆ కోపం ఒక్కటే ఉంటే తేడా పది, పదిహేను వేల దగ్గర ఆగేది. 55 వేలు దాటిందంటే కోపం లేనివాళ్లు కూడా వరసలో కలిశారని అర్థం. గెలిచేవాడికే వేయాలి, లేకపోతే ఓటు మురిగిపోతుంది అనే మాట వినని ఇల్లు మన జిల్లాలో ఉందా? ఎన్నికల తర్వాత చేసే సర్వేల్లో గెలిచిన పార్టీకి ఓటేశామని చెప్పేవాళ్ల సంఖ్య ఆ పార్టీకి నిజంగా వచ్చిన ఓట్ల కంటే ఎక్కువ తేలడం చాలా దేశాల్లో కనిపించేదే.

నందికొండలో ఈ భయానికి ఇంకో పొర ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన డ్యామ్ కోసం పుట్టిన ఊరు ఇది. హిల్ కాలనీ అయినా, పైలాన్ కాలనీ అయినా మొదలు ప్రాజెక్టు పనివాళ్ల కోసం, ఉద్యోగుల కోసం కట్టినవే. వ్యవసాయ ఊర్లలో మనిషికి కనీసం తన పొలం తనది అన్న ధీమా ఉంటుంది. ఇక్కడ క్వార్టర్ సర్కారుది, నీళ్లు సర్కారువి, కాల్వ మీద కొలువు సర్కారుది. తాత ప్రాజెక్టు పనికి వచ్చి, తండ్రి అక్కడే పుట్టి, మనవడికి పెళ్లయినా ఇంటి కాగితం మాట మాత్రం ప్రతి ఎన్నికలో కొత్తగా మొదలవుతుంది. ఇలాంటి చోట సర్కారుతో గొడవ పెట్టుకునే ఓటు వేయాలంటే ధైర్యం కావాలి. దీన్ని జనం అమ్ముడుపోవడం అని తిట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలా మందికి సొంత ఇల్లు ఉంటుంది.

"ఓటు రహస్యం కదా, ఎవరికి తెలుస్తుంది?" అని అడగొచ్చు. మీ ఒక్కరి ఓటు తెలియదు, నిజమే. మీ బూత్ ఓటు తెలుస్తుంది. లెక్కింపు అయ్యాక ఫారం 20 అని ఒక పట్టిక తయారవుతుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరుసగా ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఒక బూత్ అంటే వెయ్యి, పదిహేను వందల లోపు ఓటర్లు. చిన్న మున్సిపాలిటీలో అది రెండు మూడు గల్లీలతో సమానం. మస్జిద్ చుట్టూ ఉన్న గల్లీలు ఏ బూత్‌లో ఉన్నాయో ప్రతి పార్టీ ఏజెంటుకు నోటికి వస్తుంది. ఫలితం వచ్చిన సాయంత్రమే "మీ బూత్‌లో మాకు రాలేదు" అన్న మాట వచ్చేస్తుంది. ఆ తర్వాత మోరీ తీయలేదన్నా, వీధి దీపం వెలగలేదన్నా జనానికి కారణం అర్థమైపోతుంది. నిజంగా కక్షతోనే ఆపారా లేదా అన్నది వేరే సంగతి, జనం అలా అనుకుంటే చాలు.

బ్యాలెట్ పేపర్ల కాలంలో దీనికి ఒక అడ్డు ఉండేది. వేర్వేరు బూత్‌ల పేపర్లను కలిపేసి లెక్కపెట్టే వీలు నిబంధనల్లో ఉంది. ఈవీఎం వచ్చాక మెషిన్ వారీగా లెక్క కాబట్టి ఆ తెర తొలగిపోయింది. కొన్ని మెషిన్ల ఓట్లను ఒకేసారి కలిపి చూపించే టోటలైజర్ అనే పరికరం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదికలో దానికి మద్దతు తెలిపింది. ఇప్పటికీ అమల్లోకి రాలేదు. బూత్ లెక్క తెలియడం వల్ల లాభం ఏ పార్టీకి లేదు చెప్పండి? అందుకే దాని గురించి గట్టిగా అడిగే గొంతు వినపడదు. ఈవీఎం హ్యాక్ అయిందా అన్న చర్చకు గంటలు గంటలు దొరుకుతాయి, దీనికి ఐదు నిమిషాలు కూడా దొరకవు.

ఇక డబ్బు. 2022 మునుగోడు ఉప ఎన్నిక పక్క నియోజకవర్గాల వాళ్లు కూడా మర్చిపోలేరు. నవంబర్ 3న పోలింగ్ 90 శాతం దాటింది, కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి గారు 10,309 ఓట్లతో గెలిచారు. డబ్బు పంచారని ఆశ్చర్యపోయినవాళ్లు తక్కువ. కొన్ని ఊర్లలో జనం బయటికి వచ్చి "వాళ్లకు అంత ఇచ్చి మాకు ఇంతేనా" అని గొడవ చేసిన వార్తలు మాత్రం అందర్నీ ఆపి ఆలోచింపజేశాయి. నా దృష్టిలో ఆ గొడవలో ఆశ కంటే అవమానం ఎక్కువ. పక్క ఊరి ఓటుకు ఒక రేటు కట్టి మన ఓటుకు తక్కువ కడితే మనిషి విలువే తగ్గించినట్టు అనిపిస్తుంది.

డబ్బు తీసుకున్నాక మనసులో ఏం జరుగుతుందన్నది ఇంకా లోతైన విషయం. పరాగ్వే దేశంలో ఫినాన్, షెక్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. దళారులు డబ్బు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరట. ఉపకారం చేస్తే తిరిగి తీర్చాలనుకునే స్వభావం ఉన్నవాళ్లను ఏరి ఏరి ఇస్తారట. అంటే మోసపోయేది దుర్మార్గుడు కాదు, మాట తప్పడం ఇష్టం లేని మంచి మనిషి. మన ఇళ్లలో ఇది రోజూ చూసేదే. ఉప్పు తిన్నాక ద్రోహం చేయొద్దని పెంచిన పిల్లలం. నోటు చేతిలో పెట్టి దేవుడి మీద ఒట్టు వేయించుకునే అలవాటు అందుకే పుట్టింది. రిష్వత్ హరామ్ అని తెలిసినవాళ్లే, తీసుకుని వేయకపోతే అదింకో గునాహ్ అవుతుందేమో అని సతమతం అవుతారు.

బీకాంలో చదివిన ఒక ముక్క ఇక్కడ పనికొస్తుంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 23వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధమైన ప్రయోజనం కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఓటుకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ కింద లంచమే. కాబట్టి ఆ ఒప్పందానికి చట్టం దగ్గర విలువ సున్నా. దీన్ గురించి నేను ఫత్వా ఇవ్వలేను, అది ఉలమా పని. ఓటు అంటే ఒక గవాహీ అని వాళ్లే చెబుతుంటారు. డబ్బు తీసుకుని చెప్పే గవాహీకి ఏ పేరు పెడతారో వాళ్లనే అడగండి.

భయం, డబ్బు, గాలి, ఇవేనా ఓటు అంటే? కాదు. ఇదే నల్లగొండ జిల్లా వేరే రకం ఓటు కూడా చూపించింది. 1952లో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి గారిని నల్లగొండ జనం నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో ఒళ్లు వంకరపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినపడాలని వందల మంది నామినేషన్లు వేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడితే బ్యాలెట్ పేపర్ పుస్తకం అయ్యింది. వాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్ పోయింది. గెలవమని తెలిసే నిలబడ్డారు. ఆంథోనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1957లో ఒక చిక్కు లెక్క వేశాడు. ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం దాదాపు లేదు, ఓటేయడానికి శ్రమ మాత్రం ఉంది, లాభనష్టాలు చూసుకుంటే ఎవరూ ఇంట్లోంచి కదలకూడదు. మరి 2021 ఏప్రిల్ 17న, కరోనా రెండో అల మీద పడుతున్న రోజుల్లో, సాగర్‌లో 85 శాతానికి పైగా జనం మాస్కులు కట్టుకుని వరసలో ఎందుకు నిలబడ్డారు? పోలింగ్ అయిన రెండు రోజులకే ముఖ్యమంత్రికి కూడా పాజిటివ్ వచ్చింది. ముకులికా బెనర్జీ అనే పరిశోధకురాలు 2014లో రాసిన పుస్తకంలో దీనికి దగ్గరి జవాబు ఉంది. పెద్దాయన, కూలివాడు ఒకే వరసలో నిలబడే రోజు ఇంకోటి మన జీవితంలో ఉండదు, ఆ సమానత్వం రుచి కోసం పేదవాళ్లు ఓటుకు వస్తారంటారు ఆమె. నమాజు సఫ్‌లో నిలబడే వాళ్లకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు.

మన కుటుంబాల సంగతికి వస్తే, ఇక్కడ ఇంకో ఉద్దేశం పనిచేస్తుంది. ఎవరు గెలవాలి అన్నదాని కంటే ఎవరు గెలవకూడదు అన్నది ముందు వస్తుంది. వంద రూపాయలు దొరికిన సంతోషం కంటే వంద పోయిన బాధ ఎక్కువ ఉంటుందని కానెమన్, ట్వర్‌స్కీ 1979లో చూపించారు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా గారు ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామని ప్రకటించాక, ఆ 4 శాతంతో సీటు తెచ్చుకున్న పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ సూత్రం అమలైంది. ఉన్నది పోకూడదు. తర్వాత బీఆర్ఎస్, బీజేపీ లోపల ఒకటే అన్న ప్రచారం నిలబడగానే చాలా ఓట్లు కాంగ్రెస్ వైపు జరిగాయి.

నేను దీన్ని ఇన్సూరెన్స్ ప్రీమియం ఓటు అంటాను. ఐదేళ్లకోసారి కడతాం. ప్రమాదం జరగకపోతే చాలు, వెనక్కి ఏమీ అడగం. కంపెనీకి ఇంతకంటే మంచి ఖాతాదారు ఎక్కడ దొరుకుతాడు? 2017 ఏప్రిల్‌లో 12 శాతం రిజర్వేషన్ బిల్లు అసెంబ్లీలో పాసైంది, అమలు కాలేదు, అయినా 2018లో ఆ పార్టీకే ఎక్కువ మంది వేశాం. 2023 డిసెంబర్ 7న వచ్చిన కాంగ్రెస్ మంత్రివర్గంలో దాదాపు రెండేళ్లు ఒక్క ముస్లిం మంత్రి లేరు. 2011 జనాభా లెక్కల్లో మనం రాష్ట్రంలో 12.7 శాతం. చివరికి అజహరుద్దీన్ గారు 2025 అక్టోబర్ 31న ప్రమాణం చేశారు. ముస్లిం ఓట్లు ఎక్కువగా ఉన్న జూబ్లీహిల్స్‌లో పోలింగ్‌కు అప్పటికి 11 రోజులే ఉంది. రెండేళ్లు దొరకని కుర్చీ ఒక్క ఉప ఎన్నికతో ఎలా దొరికిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ ఓటు ఎటు పోతుందో పార్టీకి ఖాయంగా తెలియదు. తెలియనప్పుడే ఇచ్చారు.

అలాగని భయం ఉత్తదే, మర్చిపోండి అని చెప్పడం నాకు సబబుగా అనిపించదు. ఇల్లు కాలుతుందేమో అన్న భయం ఉన్నవాడు ప్రీమియం కడతాడు, అందులో తెలివితక్కువ ఏం లేదు. కానీ పాలసీ కాగితంలో ఏముందో చదవకుండా కట్టడం వేరు. నందికొండ క్వార్టర్ల కాగితాలు, ఉర్దూ మీడియం స్కూళ్లలో టీచర్ పోస్టులు, మైనారిటీ కార్పొరేషన్ లోన్ల అప్లికేషన్లు ఏమయ్యాయో ఓటుకు ముందు అడిగేవాళ్లు ఎంతమంది? జానారెడ్డి గారి ఇంకో కొడుకు రఘువీర్ రెడ్డి గారు 2024లో నల్లగొండ ఎంపీగా 5,59,905 ఓట్ల తేడాతో గెలిచారు. ఇంత తేడా ఉన్నప్పుడు మన వెయ్యి, రెండు వేల ఓట్ల కోసం ఎవరూ చెమటోడ్చరు. 2018లో తేడా 7,771 ఉన్నప్పుడు ఓడ్చారు.

చివరగా ఒక ఇంటి సంగతి. మన ఓటు భయంతో పడిందా, డబ్బుతో పడిందా అని మాట్లాడుకుంటున్నాం గానీ చాలా ఇళ్లలో ఆ నిర్ణయం ఒక్కరిదే. అబ్బా చెబుతారు, లేదంటే బడే భాయ్ చెబుతాడు. అమ్మీ, బహూ, కొత్తగా కార్డు వచ్చిన బిడ్డ అందరూ అదే గుర్తు నొక్కి వస్తారు. గొడవ ఎందుకులే అన్నది కూడా ఓటు వెనక దాగి ఉన్న ఒక ఉద్దేశమే. "ఎవరికి వేశావో తర్వాత తెలిసిపోతుంది" అన్న అనుమానం మన ఆడవాళ్లలో చాలా మందికి ఉంది. తెలియదు. వీవీప్యాట్ అద్దంలో చీటీ 7 సెకన్లు వాళ్లకు మాత్రమే కనపడి పెట్టెలో పడిపోతుంది, దాని మీద పేరు గానీ ఓటరు నంబర్ గానీ ఉండదు. చూపు లేనివాళ్లకు, సొంతంగా బటన్ నొక్కలేని స్థితిలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తోడు మనిషిని లోపలికి రానివ్వరు. ఎవరైనా పక్కకు వచ్చి నిలబడితే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పొచ్చు, ఆయన బయటికి పంపాల్సిందే.